ఫిల్టరు కొలత మేతలో ఉంది

పెద్ద అక్వేరియం చేయించుకోవాలని గాజు కొట్టుకో చేపల దుకాణానికో వెళ్ళినవాళ్ళకు మొట్టమొదట వినిపించే మాట ఒకటుంది. "ట్యాంకు ఎన్ని లీటర్లు సార్? దానికి పదింతలు తిప్పే మోటారు వేసేస్తే మీకిక టెన్షనే ఉండదు." 600 లీటర్ల ట్యాంకైతే గంటకు 6,000 లీటర్లు తిప్పే ఫిల్టరు, 1,200 లీటర్లదైతే 12,000. చేపలు చచ్చిపోతే ఇంకా పెద్దది. ఏళ్ళ తరబడి చేపలు పెంచినవాళ్ళు కూడా కొత్తవాళ్ళకు ఇదే సూత్రం అప్పజెబుతున్నారు.

ఈ సూత్రం పునాదిలోనే తప్పు. లక్షలు పోసి చేయించిన ట్యాంకుల్లో చేపలు మొప్పలు ఎగరేస్తూ నీటి పైకి వచ్చి గుటకలు వేయడానికి ఈ సూత్రానిదే ఎక్కువ బాధ్యత. అంకె పెట్టె మీద అచ్చయి ఉంటుంది కాబట్టి కొనేవాళ్ళకు పోల్చుకోవడం తేలిక, అమ్మేవాళ్ళకు ఒప్పించడం ఇంకా తేలిక. ట్యాంకులో ఏ చేపలు వేస్తారు, అవి ఎంత తింటాయి అని అడిగే ఓపిక ఇద్దరికీ ఉండదు. అడగాల్సింది మాత్రం ఆ రెండు ప్రశ్నలే.

ముందు ఆ అంకె సంగతే చూద్దాం. పెద్ద ట్యాంకులకు చాలామంది ఎంచుకునే ఫ్లూవాల్ ఎఫ్‌ఎక్స్6 క్యానిస్టర్‌కు (మూత బిగించిన డబ్బా ఫిల్టరు) తయారీదారే రెండు అంకెలు ఇస్తాడు. మోటారు సామర్థ్యం గంటకు 3,500 లీటర్లు, ఫిల్టరు గుండా నిజంగా తిరిగేది 2,130. రెండూ బయటపెట్టిన కంపెనీని మెచ్చుకోవాలి. చవక సరుకులో చాలాభాగం మొదటి అంకె ఒక్కటే చెబుతుంది. పైగా ఆ అంకె మోటారు నీటిని ఏ ఎత్తుకూ ఎక్కించనప్పటిది. స్టాండు అడుగున విడి తొట్టిలో ఉన్న పంపు ట్యాంకు పై అంచు దాకా నీళ్ళు ఎక్కించాలంటే ఐదడుగుల పైమాటే. రెండు మీటర్ల ఎత్తుకు ఆగిపోయే పంపుకు ఒకటిన్నర మీటర్ల దగ్గర మిగిలేది పావు వంతే కావచ్చు. అంటే 6,000 అని కొన్నవాళ్ళకు అందేది 1,500 కావచ్చు. అసలు ప్రమాణమే తప్పైనప్పుడు దాన్ని కొలిచే అంకె కూడా నికరంగా లేదన్నమాట.

ఇక అసలు విషయానికి వస్తాను. ట్యాంకులో నీరు చెడేది మనం వేసిన మేత వల్ల. చేప తిన్న ప్రోటీన్‌లో ఒంటికి పట్టనిది అమ్మోనియాగా మారి, ఎక్కువగా మొప్పల గుండా నీటిలోకి వచ్చేస్తుంది. తినకుండా మిగిలిన మేతా, మలమూ కుళ్ళి అమ్మోనియానే అవుతాయి. చేపల సాగు ఇంజినీర్లు వాడే లెక్క ప్రకారం మేతలోని ప్రోటీన్ బరువులో సుమారు 9 శాతం అమ్మోనియా నైట్రోజన్‌గా నీటిలో చేరుతుంది. ఫిల్టరు మోయాల్సిన బరువు ఇదే. ఇందులో ట్యాంకు లీటర్ల ప్రసక్తే లేదు.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకు తీసుకుందాం. మన ఊళ్ళలో ఆర్డరిచ్చి చేయించేవాటిలో బాగా కనిపించే కొలత ఇది. గాజు మందం, పైన వదిలిన ఖాళీ పోను దాదాపు 600 లీటర్ల నీళ్ళు పడతాయి. అందులో బాగా ఎదిగిన ఆస్కార్ చేపలు ఐదారు, రోజుకు 40 శాతం ప్రోటీన్ ఉన్న మేత 25 గ్రాములు అనుకోండి. ప్రోటీన్ 10 గ్రాములు, అమ్మోనియా నైట్రోజన్ 0.9 గ్రాము. గంటకు చూస్తే 38 మిల్లీగ్రాములు. ఫిల్టరు గంటకు 1,500 లీటర్లు మాత్రమే తిప్పుతూ, తన గుండా వెళ్ళిన నీటిలోని అమ్మోనియాలో సగమే తీసేస్తుందనుకున్నా ట్యాంకులో నిలిచేది లీటరుకు 0.05 మిల్లీగ్రాము. దీన్నే నాలుగింతలు చేసి 6,000 లీటర్లు తిప్పితే 0.01 దాకా దిగుతుంది. ఇంట్లో వాడే డ్రాప్ కిట్టుతో ఈ రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టం. మూడింతలో నాలుగింతలో కరెంటు కాల్చి కొన్నది ఆ తేడానే.

అదే 25 గ్రాముల మేత, అవే ఆస్కార్లు 1,200 లీటర్ల ట్యాంకులో ఉన్నా ఫిల్టరు చేయాల్సిన పని మారదు. పదింతల సూత్రం మాత్రం మోటారును రెట్టింపు చేయమంటుంది. మరోవైపు, ఆ 600 లీటర్లలోనే పాతిక చిన్న టెట్రాలు వేసి రోజుకు గ్రాము, రెండు గ్రాములు వేసే ఇంటికీ అదే 6,000 లీటర్ల మోటారు రాసిస్తుంది. ఆ హోరులో టెట్రాలు రోజంతా ఎదురీదుతూ మూలకు నక్కుతాయి. పది రెట్లకు మించి తేడా ఉన్న రెండు పనులకు ఒకే జవాబు ఇచ్చేదాన్ని సూత్రమని ఎలా అంటాం?

భీమవరం, కైకలూరు వైపు చెరువులు చేసే రైతుకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆయన చెక్ ట్రే పైకి లాగి ఎంత మేత మిగిలిందో చూశాకే తర్వాతి పూట మేత కొలుస్తాడు. అమ్మోనియా పెరిగిందంటే ముందు మేత తగ్గిస్తాడు, ఏరేటర్లు తిప్పుతాడు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ ఎంతుందో చూసుకుంటాడు. ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) పడిపోతే దానికి తగ్గ మందు చల్లుతాడు. దేశంలో రొయ్యల సాగులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఆ చెరువు గట్ల మీద రోజూ నడిచే లెక్క మన నగరాల హాళ్ళలోని గాజు తొట్ల దగ్గరకు ఎందుకు రాలేదన్నది నన్ను నిజంగా బాధపెట్టే ప్రశ్న.

ఎక్కువ తిప్పితే నీళ్ళు అద్దంలా మెరుస్తాయి కదా అంటారు. మెరుస్తాయి. అమ్మోనియాకు రంగు లేదు, అది మారితే వచ్చే నైట్రైట్‌కూ రంగు లేదు. తళతళలాడే నీళ్ళలో చేప చావడానికి అడ్డేమీ లేదు. పైగా అమ్మోనియా విషం పీహెచ్‌ను బట్టి మారిపోతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది 0.6 శాతం. పీహెచ్ 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది. మన దగ్గర చాలా బోరు నీళ్ళు కఠినమైనవి, పీహెచ్ 7.5, 8 చూపించేవి. అంటే ఇక్కడ పెంచేవాళ్ళకు అమ్మోనియా మీద ఇంకా ఎక్కువ పట్టుండాలి. ఆ పట్టు వచ్చేది నీళ్ళు తిప్పే వేగంతో కాదు, అమ్మోనియాను తినే సూక్ష్మజీవులతో.

అవి అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మంచినీటి అక్వేరియం ఫిల్టర్లు చాలావాటిలో అమ్మోనియా తినేవాటిలో ఎక్కువ భాగం బ్యాక్టీరియా కాదని, ఆర్కియా అనే వేరే కోవ సూక్ష్మజీవులని కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో చూపించారు. పేరు ఏదైనా వాటికి కావలసినవి కొన్నే: అంటుకుని ఉండడానికి చోటు, ఆక్సిజన్, నీటిలో క్షారగుణం, ఎవరూ కదిలించకుండా కొన్ని వారాల వ్యవధి. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను మార్చడానికి అవి నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్, కాల్షియం కార్బొనేట్ లెక్కన ఏడు గ్రాములకు పైగా ఆల్కలినిటీ వాడుకుంటాయి. ఫిల్టరు ఎంచుకోవడమంటే వీటన్నిటికీ ఏర్పాటు చేయడం. మోటారు అందులో ఒక చిన్న పనిముట్టు.

పదింతల సూత్రాన్ని సమర్థించేవాళ్ళ దగ్గర ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటేసి వెళ్ళడం న్యాయం కాదు. అమ్మోనియా సరే, మలం సంగతేమిటి? ఆస్కార్లు, ఫ్లవర్‌హార్న్లు, ప్యారట్ చేపలు పెద్ద పెద్ద ముక్కలుగా విసర్జిస్తాయి. వేగం లేకపోతే అది అడుగున పేరుకుపోతుంది. నిజమే. ఆ పని ఫిల్టరు మోటారు మీద వేయడమే పొరపాటు. అడుగున పడ్డదాన్ని కదిలించి నీళ్ళు బయటికెళ్ళే చోటికి తోయడానికి పదో ఇరవయ్యో వాట్ల వేవ్‌మేకర్ చాలు. సముద్రపు పగడాలకు బలమైన ప్రవాహం కావాల్సిన ట్యాంకుల్లో కూడా దాన్ని వేవ్‌మేకర్లతోనే ఇస్తారు. ప్రవాహం వేరు, వడపోత వేరు. ఈ రెండింటినీ ఒకే మోటారుకు అంటగట్టడం వల్లే ఇంత గందరగోళం.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఫిల్టరు పట్టుకున్న మలం ఫిల్టరులో ఉన్నంతకాలం నీళ్ళలో ఉన్నట్టే లెక్క. నీరు దాని మీదుగానే వెళుతూ, దాన్ని కరిగించుకుంటూ తిరిగి చేపల దగ్గరికే వస్తుంది. వేగం పెంచితే అది ఇంకా మెత్తగా నలిగి ఇంకా త్వరగా కరుగుతుంది. కాబట్టి పెద్ద ట్యాంకుకు ఫిల్టరు కొనేముందు అడగాల్సింది ఎంత మురికి పడుతుందని కాదు, పట్టిన మురికిని నేను ఎంత సులువుగా బయటికి తీసి పారేయగలనని.

ఈ ప్రశ్న దగ్గరే క్యానిస్టర్‌కూ సంపుకూ తేడా తేలిపోతుంది. రెండు నెలలుగా తెరవని క్యానిస్టర్ విప్పి చూడండి. గొట్టాల కవాటాలు మూసి, నీళ్ళతో బరువెక్కిన డబ్బాను బాత్రూం దాకా మోసి, క్లిప్పులు ఊడదీస్తే ముందు వచ్చేది మురుగు వాసన. పై స్పాంజి మీద గోధుమరంగు జిగురు వేలు మందాన ఉంటుంది. ట్రేలు ఒకదాని కింద ఒకటి తీస్తూ పోతే అడుగున నల్లని బురద. ఇంత పని ఉందని తెలిసినవాళ్ళు మూడో నెలకు వాయిదా వేస్తారు. అదే సంపైతే, అంటే ట్యాంకు కింద స్టాండులో ఇంకో గాజు తొట్టి పెట్టి, పైనుంచి పొర్లిన నీరు మొదట తెల్ల దూది మీద పడేలా చేస్తే స్టాండు తలుపు తీసి, తడిసి నల్లబడిన దూదిని రెండు వేళ్ళతో ఎత్తి, కొత్త ముక్క పరిచి తలుపు వేయడమే. దానికి పట్టే సమయం రెండు నిమిషాలు. రెండు నిమిషాల పని వారానికి రెండుసార్లయినా జరుగుతుంది.

సంపులో నీరు గాలి తగులుతూ జారుతుంది కాబట్టి సూక్ష్మజీవులకు ఆక్సిజన్ కొదవ ఉండదు. నీటి పైపొర మీది నూనెతెట్టు కూడా పొర్లిపోయి కిందికి దిగుతుంది, దాంతో ట్యాంకులోకీ గాలి బాగా కలుస్తుంది. కరెంటు పోయి గంటల తరబడి రాకపోతే మూత బిగించిన క్యానిస్టర్‌లో మిగిలిన ఆక్సిజన్‌ను లోపలి జీవులే తినేసి, ఆ తర్వాత అవే చావడం మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్ళిన నీరు ఒక్క ఉదుటున చేపల మీదికి వస్తుంది. ఎండాకాలం కోతలు తెలిసిన మనం ఈ ఒక్క కారణానికే సంపు వైపు మొగ్గాలి.

క్యానిస్టర్‌ను పూర్తిగా కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. కార్బన్ డయాక్సైడ్ ఇచ్చి మొక్కలు పెంచే ట్యాంకులో పొర్లే నీరు ఆ వాయువును వృథా చేస్తుంది, అక్కడ మూసి ఉన్న క్యానిస్టరే మేలు. రెండు మూడు వందల లీటర్ల ట్యాంకుకూ అది చక్కగా సరిపోతుంది. ఎక్కువ తినే పెద్ద చేపలతో, ఆర్డరిచ్చి చేయించుకునే భారీ ట్యాంకు గురించే నా వాదన.

ఆర్డరిచ్చి చేయించుకోవడంలో ఉన్న వరమేమిటంటే గాజుకు రంధ్రాలు మనకు కావలసిన చోట పెట్టించుకోవచ్చు. దీన్ని ఎంతమంది కాలదన్నుకుంటున్నారో చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ట్యాంకు కట్టించి, స్టాండు మీద పెట్టి, నీళ్ళు నింపాక ఫిల్టరు గురించి ఆలోచిస్తారు. అప్పటికి రంధ్రం పెట్టే దారి దాదాపు మూసుకుపోయినట్టే. టఫెన్డ్ గాజైతే అసలు కుదరదు, డ్రిల్లు తగలగానే పలక మొత్తం పొడిపొడి అవుతుంది. మామూలు గాజుకు డైమండ్ బిట్‌తో, నీళ్ళు పోస్తూ, పలక బల్ల మీద పడుకోబెట్టి ఉన్నప్పుడే రంధ్రం చేయడం భద్రం. అంటే ఫిల్టరు నిర్ణయం గాజు కోయకముందే జరగాలి. నీళ్ళు దిగడానికి ఒక గొట్టం, అది మూసుకుపోతే ఆదుకోవడానికి ఇంకొకటి, తిరిగి ఎక్కడానికి మూడోది. ఆ రెండో గొట్టం అనవసరపు ఖర్చని చెప్పే మేస్త్రీకి పని అప్పగించకండి. ఒక నత్తో, ఒక ఆకో మొదటి గొట్టానికి అడ్డం పడ్డ రాత్రి హాలంతా నీళ్ళవుతుంది.

సంపు కొలత కూడా పంపును బట్టి తేలదు. ఆరడుగులు, రెండడుగుల ట్యాంకులో ఒక్క అంగుళం నీరు 28 లీటర్లు. కరెంటు పోగానే పొర్లే అంచుకు పైన ఉన్న నీరంతా, తిరుగు గొట్టం వెనక్కి పీల్చిన నీటితో కలిసి, సంపులోకి దిగుతుంది. రెండంగుళాలు దిగితే 56 లీటర్లు. సంపులో ఎప్పుడూ ఆ మేరకు ఖాళీ ఉండాలి. తిరుగు గొట్టానికి నీటి మట్టానికి కాస్త దిగువన ఒక చిన్న బెజ్జం ఉంటే మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి వెనక్కి పీల్చడం ఆగిపోతుంది. నింపిన మొదటి రోజే స్విచ్చి ఆపి చూసుకోవాలి.

ఇక మీడియా, అంటే సూక్ష్మజీవులు అంటుకుని పెరిగే సరుకు. సూక్ష్మరంధ్రాలు కోట్లలో ఉన్నాయని అమ్మే ఖరీదైన సిరామిక్ రింగుల ప్రచారం కూడా మోటారు అంకెల ప్రచారం లాంటిదే. బ్యాక్టీరియా దాదాపు మైక్రాను పొడవుంటుంది. అంతకంటే ఇరుకు రంధ్రంలో అది దూరలేదు, దూరగలిగిన లోతులోకి ఆక్సిజన్ అందదు. నార్వేలో మొదలైన కాల్డ్‌నెస్ కే1 లాంటి ప్లాస్టిక్ చక్రాలకు ఘనపు మీటరుకు 500 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. 20 లీటర్లు పోస్తే 10 చదరపు మీటర్లు, అదీ నీరూ గాలీ బాగా తగిలే చోటు. ముతక స్పాంజి దిమ్మలు ఇంకా చవక. సంపులో చోటుంది కాబట్టి లెక్కకు రెట్టింపు వేసుకున్నా అడ్డేమీ ఉండదు.

వేసుకున్నదాన్ని కాపాడుకోవడం ఇంకో ఎత్తు. నెలకోసారి వచ్చే కుర్రవాడు మీడియా అంతా కుళాయి కింద పెట్టి తెల్లగా కడిగి పోతాడు. నగరపు కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది, నెలల తరబడి పెరిగిన సూక్ష్మజీవుల్లో చాలా భాగం ఆ పూటతో పోవచ్చు. రెండు మూడు రోజులకు నీళ్ళు పాలలా తెల్లబారితే ఫిల్టరు చాలడం లేదంటూ ఇంకా పెద్ద మోటారు పట్టుకొస్తారు. దూది పారేయొచ్చు. మీడియాను ట్యాంకు నుంచి తీసిన నీళ్ళలోనే, బకెట్లో ముంచి ఒకసారి ఆడించి తీయాలి, అంతే.

ఆర్వో నీళ్ళు శుద్ధమైనవని ట్యాంకంతా వాటితోనే నింపేవాళ్ళు ఇంకో గోతిలో పడుతున్నారు. ముందు చెప్పిన ట్యాంకులో సూక్ష్మజీవులు రోజుకు లీటరుకు 10 మిల్లీగ్రాములకు పైగా ఆల్కలినిటీ తినేస్తాయి. 200 ఉన్న బోరు నీళ్ళు దాన్ని తట్టుకుంటాయి, వారం వారం నీళ్ళు మార్చినప్పుడు మళ్ళీ చేరుతుంది. ఆర్వో నీళ్ళలో ఆల్కలినిటీ ఉండేదే అంతంత మాత్రం. నాలుగు రోజుల్లో పీహెచ్ జారిపోతుంది, 6 కిందికి పోతే అమ్మోనియాను మార్చే పని బాగా మందగిస్తుంది. ఎంత పెద్ద మోటారైనా అక్కడ చేయగలిగేదేమీ లేదు.

చివరగా, పెద్ద ఫిల్టరు ఉంటే నీళ్ళు మార్చనక్కర్లేదన్న హామీ. ఈ మొత్తం నమ్మకంలో చేపలకు ఎక్కువ హాని చేస్తున్నది ఇదే. ఫిల్టరు అమ్మోనియాను మాయం చేయదు, నైట్రేట్‌గా మారుస్తుంది, ఆ నైట్రేట్ నీళ్ళలోనే ఉండిపోతుంది. మన 25 గ్రాముల మేతకు రోజుకు 4 గ్రాముల నైట్రేట్, అంటే లీటరుకు సుమారు 6.5 మిల్లీగ్రాములు. వారానికి 45. ప్రతి వారం సగం నీళ్ళు మార్చినా, మార్చే రోజుకు లీటరుకు 90 దగ్గర, మార్చిన వెంటనే 45 దగ్గర తచ్చాడుతూ ఉంటుంది. ఆ అంకె తగ్గాలంటే మేత తగ్గించాలి, లేదా ఇంకా ఎక్కువ నీళ్ళు మార్చాలి. సగమంటే 300 లీటర్లు బయటికి, 300 లీటర్లు లోపలికి, ప్రతి వారం. బకెట్లతో ఆ పని ఏ ఇంట్లోనూ ఆరు నెలలు సాగదు. కాబట్టి ఇల్లు కట్టేటప్పుడో, హాలు టైల్స్ మార్చేటప్పుడో ట్యాంకు నిలబెట్టే గోడ దగ్గరికి ఒక డ్రెయిన్ గొట్టం, ఒక నీటి కుళాయి రప్పించండి. నీళ్ళు పట్టి క్లోరిన్ విరగ్గొట్టడానికి మేడ మీద విడిగా ఒక డ్రమ్ము పెట్టించండి. 12,000 లీటర్ల మోటారుకు పెట్టబోయే డబ్బులో ఈ ప్లంబింగ్ పని చాలావరకు తేలిపోతుంది. టైల్స్ వేసేశాక అదే పనికి గోడ పగలగొట్టాలి.